మామయ్య చంకలో సంచి

మా మామయ్యగారు ఫోను ఎత్తారంటే వీధి చివరిదాకా వినపడాల్సిందే. మావారి తండ్రి ఆయన. నరసరావుపేట దగ్గర పల్లెలో వ్యవసాయం, దాంతోపాటు ఊరి పెద్దరికం. స్పీకరు వెయ్యకుండా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. పురుగుమందు ధర ఎంత పెరిగింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, మా అత్తయ్య మోకాళ్ళకు డాక్టరు ఏమన్నాడు, అన్నీ ఆయనతోపాటు మేమూ వినాల్సిందే. అలాంటి మనిషి ఆ సాయంత్రం మాచర్లలో మా ఇంటి ముందు వేపచెట్టు కిందికి వెళ్ళి, ఫోను చెవికి ఆనించి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు. వంటగది కిటికీలోంచి అది చూసి నా చేతిలో గరిటె ఆగిపోయింది.

అసలు ఆయన రావడమే వింత. "మాచర్ల ఎండ నా ఒంటికి పడదమ్మా" అని మా పెళ్ళయిన దగ్గర్నుంచీ తప్పించుకుంటున్న మనిషి, కబురైనా లేకుండా, పొలంలో కాసిన దొండకాయలో నిమ్మకాయలో ఏవీ తేకుండా ఒట్టి చేతులతో బస్సు దిగారు. పూర్తిగా ఒట్టి చేతులు కూడా కాదు. చంకలో ఒక సంచి ఉంది. విత్తనాల కంపెనీవాళ్ళు రైతులకు ఊరికే ఇచ్చే గుడ్డ సంచి. "ఇటివ్వండి మామయ్యా, లోపల పెడతాను" అన్నాను. "ఉండనీ అమ్మా, బరువేం గాదు" అని ఇంకొంచెం గట్టిగా చంకలోకి నొక్కుకున్నారు. ఆయన స్నానానికి వెళితే ఆ సంచీ వెళ్ళింది. బయటికి వస్తే అదీ వచ్చింది.

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. పాల ప్యాకెట్ మీద తేదీ చదవందే కత్తెర పెట్టను. కూరగాయలవాడు కాటా పెడుతుంటే వాడి వేళ్ళు ఎక్కడున్నాయో చూస్తాను. "నువ్వు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉండాల్సినదానివి" అని మావారు వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. ఇంతవరకూ మా ఇంట్లో విరిగిన పాలు ఎవరూ తాగలేదు.

రాత్రి అన్నాల దగ్గర మామయ్యగారు పప్పులో నెయ్యి వేసుకుంటూ, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు అన్నారు. "రేపు పొద్దున్నే కొండకు పోదాం. శివరాత్రి రద్దీ తగ్గింది. పిల్లోళ్ళకు కూడా రేపు సెలవే గదా."

మా వైపు కొండ అంటే కోటప్పకొండే. నేను మావారి వైపు చూశాను. నేనింకా ఏమీ అడగకముందే ఆయన "నాకేం తెలుసు? నాన్న ఇప్పుడే గదా చెప్పాడు" అన్నారు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాడిని ఎవరైనా నమ్ముతారా? నేను నమ్మలేదు. మజ్జిగ పోసి లేచిపోయాను.

కొండ అనగానే నాకు గుర్తొచ్చేది మా పిల్లవాడి జుట్టు. వాడికి మూడో ఏడు నడుస్తోంది. పుట్టిన దగ్గర్నుంచీ కత్తెర పడలేదు. కొండ మీది కోటయ్యస్వామికి మొక్కుకున్న పుట్టువెంట్రుకలు. రెండు పిలకలు వేసి రబ్బరు బ్యాండ్లు పెడితే, బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు "పాప చానా బాగుంది" అంటారు. దువ్వెన చూస్తే వాడు మంచం కిందికి దూరతాడు. ఫాల్గుణం వచ్చిందో లేదో ఆ జుట్టు కింద చెమటకు మెడంతా పొక్కులు లేచాయి. మా ఇళ్ళలో పుట్టువెంట్రుకలు మొదటి ఏడైనా తీయాలి, మూడో ఏడైనా తీయాలి. మొదటి ఏడు ఏదో మైల వచ్చి తప్పిపోయింది. ఇంకొన్ని వారాల్లో మూడో ఏడూ దాటిపోతుంది. ఆ తర్వాత అయిదో ఏడుదాకా ఆగాల్సిందే.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు తీయలేదంటే, మేనమామ. పిల్లవాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, ఆయన చేత మూడు కత్తెరలు వేయించాకే మంగలి కత్తి పట్టాలి. నాకు ఒక్కడే అన్నయ్య. అమ్మానాన్నలు పోయాక పుట్టిల్లంటే నాకు అన్నయ్యా వదినా ఉండే ఆ ఇల్లే. ఆ అన్నయ్యకూ మా మామయ్యగారికీ ఏడాదిగా మాటల్లేవు.

దానికి కారణం ప్రభ. శివరాత్రికి మా అత్తగారి ఊరి నుంచి కొండకు ప్రభ వెళుతుంది. వెదుళ్ళు కట్టి, రంగు గుడ్డలు చుట్టి, ఒళ్ళంతా కరెంటు బల్బులు పెట్టి, తాటిచెట్టు కంటే ఎత్తున బండి మీద నిలబెట్టి లాక్కుపోతారు. దానికి పెద్ద మా మామయ్యగారే. ఒక జనరేటర్ ఆగిపోతే దీపాలు ఆరిపోతాయని పక్కనే ఇంకో జనరేటర్ సిద్ధంగా పెట్టించే ముందుచూపు ఆయనది. అంత జాగ్రత్తపరుడి ప్రభ కిందటేడు కాలవ మలుపులో చక్రం దిగబడి ఒక పక్కకు ఒరిగింది. తాళ్ళు పట్టి నిలబెట్టాలని ఊరంతా ఒళ్ళు హూనం చేసుకుంది. కుదర్లేదు. చివరికి దింపి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. ఎదురుగా కొండ మీద దీపాలు కనపడుతూనే ఉన్నాయి.

తిరునాళ్ళకు చుట్టపుచూపుగా వచ్చిన మా అన్నయ్య అప్పుడే నోరు విప్పాడు. "మామయ్యా, మీ ప్రభకు కాళ్ళు పీకి కూలబడ్డట్టుంది. ఓ గోలీసోడా పట్టించండి, అదే లేస్తది."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు మామయ్యగారే ముందు నవ్వేవారు. వరసైనవాడు, సరసమాడాడు, అంతే. కానీ ఆ రాత్రి పక్క ఊరి ప్రభవాళ్ళు కూడా అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళు విరగబడి నవ్వారు. మామయ్యగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఈ జన్మలో నీ ఇంటి గడప తొక్కను, నీ ఇంట మంచినీళ్ళు ముట్టను" అన్నారు. మా అన్నయ్యకు మాత్రం పొగరు తక్కువా? "ముట్టకపోతే మానండి" అన్నాడు. ఇద్దరి మధ్యా నేనూ, నా కొడుకు జుట్టూ ఇరుక్కుపోయాం. ఈ ఏడు శివరాత్రికి ప్రభ నిటారుగా కొండకు చేరింది గానీ అన్నయ్య రాలేదు.

అందుకే ఆ రాత్రి పడుకుని లెక్క కట్టుకున్నాను. చెట్టు కింద ఫోను, చంకలో సంచి, హఠాత్తుగా కొండ. అంతా కలిపి చూస్తే ఒకటే తేలుతోంది. మా అన్నయ్యకు చెప్పకుండా వెంట్రుకలు తీయించబోతున్నారు. ఇంకెవరినో మేనమామ స్థానంలో కూర్చోబెడతారు. వరసకు అన్నలు దొరక్కపోతారా? మా పెదనాన్న కొడుకు ఉండనే ఉన్నాడు, మామయ్యగారు ఎటు చెబితే అటు తల ఊపే మనిషి. అదే జరిగితే మా అన్నయ్య ఇక జన్మలో నా మొహం చూడడు. నాకు పుట్టిల్లు లేనట్టే.

పొద్దున్నే బయల్దేరాం. మావారు డ్రైవింగు, పక్కన మామయ్యగారు, వెనక నేనూ పిల్లలూ. మా అమ్మాయి రెండో క్లాసు. కారు వీధి మలుపు తిరగకముందే "తాతయ్యా, కొండ మీద కాకులు వాలవంట, నిజమేనా?" అని మొదలుపెట్టింది. కోటప్పకొండ మీద కాకి వాలదని మా వైపు అందరూ చెప్పేదే. "వాలదు తల్లీ" అన్నారు తాతయ్య. "ఒక్కటి కూడానా? పొరపాటున కూడా వాలదా? ఎవరు చూశారు?" అని అది ఊపిరాడనివ్వలేదు. దాని ప్రశ్నలన్నీ నాకు సబబుగానే అనిపించాయి.

మాచర్ల దాటాక రోడ్డుకు రెండు వైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కిటికీ దించితే దగ్గు, ఎత్తితే ఉక్క. పిల్లవాడు తుమ్మి తుమ్మి ఏడుపు లంకించుకున్నాడు. వాడి ముక్కు తుడుస్తూనే ముందు సీటు మీద ఒక కన్ను వేసి ఉంచాను. సంచి మామయ్యగారి ఒళ్ళో ఉంది. పైన రెండు చేతులూ ఉన్నాయి.

రెంటచింతల వచ్చింది. మా పుట్టిల్లు మెయిన్ రోడ్డు మీదే, ఆకుపచ్చ గేటు. గేటు దూరంగా కనపడగానే మామయ్యగారు కిటికీ అద్దం పూర్తిగా పైకెత్తి, మొహం రెండో వైపుకు తిప్పుకుని, చేతిగడియారం చూసుకోవడం మొదలుపెట్టారు. మావారు కారు వేగం పెంచారు. "అది మామయ్యవాళ్ళ ఇల్లు, మామయ్య బండి లేదు" అంది మా అమ్మాయి. నిజమే, వాకిట్లో ఎప్పుడూ ఉండే అన్నయ్య మోటార్ సైకిల్ లేదు. ఈ టైములో మిరప కళ్ళంలో ఉంటాడులే అనుకున్నాను. మేనల్లుడి జుట్టు కత్తిరించేటప్పుడు తన ఒడి ఖాళీగా ఉందని కూడా తెలియకుండా పాపం కాయలు ఏరిస్తూ ఉంటాడు.

ఫోను చేద్దామనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఏమని చెప్పాలి? నిన్ను తప్పించి చేస్తున్నారు, వచ్చి తన్నుకోండి అనా? నా దగ్గర ఉన్నది అనుమానమే, రుజువు లేదు. ముందు రుజువు దొరకాలి.

పిడుగురాళ్ళలో టిఫిను కోసం ఆగాం. సున్నపు బట్టీల పొగ వాసనకు మా అమ్మాయి హోటల్ మెట్ల మీదే వాంతి చేసుకుంది. నేను దాని గౌను కడుగుతున్నాను. మావారు పిల్లవాడికి ఇడ్లీ తినిపిస్తున్నారు. ఇంతలో మామయ్యగారి ఫోను మోగింది. ఈసారీ స్పీకరు లేదు. లేచి చేతులు కడిగే చోటికి వచ్చారు. గోడకు ఇవతల నేనున్నానని ఆయన చూసుకోలేదు.

"నువ్వయితే ఎట్టాగూ ముందే పైన ఉండు," అంటున్నారు. "ఒకవేళ తేడా వస్తే నువ్వే కూర్చోవాల. కొత్త చొక్కా ఏసుకురా. అమ్మాయితో మాత్రం ఏం అనబాక."

ఆ అమ్మాయి నేనే. ఇంతకంటే రుజువేం కావాలి? తడి గౌను చిరిగేంత గట్టిగా పిండాను. కారెక్కాక అందరికీ వినపడేలా అన్నాను. "మామయ్యా, పుట్టువెంట్రుకలకు మేనమామ తప్పనిసరిగా ఉండాలంటారు గదా."

"ఉండాల్సిందేనమ్మా" అన్నారు ఆయన, వెనక్కు తిరక్కుండా.

"ఎవరో ఒకరు వరసైనవాళ్ళుంటే చాలదు గదా."

మావారు ఎదురుగా ఏమీ లేకపోయినా హారన్ కొట్టారు. మామయ్యగారు మాత్రం "రోడ్డు చానా బాగేశార్రా ఈసారి" అని కొడుకుతో అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొండ మీద కారు దిగీ దిగగానే ఒక కోతి వచ్చింది. అరటిపళ్ళు నా చేతిలో ఉన్నాయి, వాటి వైపు చూడను కూడా చూడలేదు. సూటిగా వెళ్ళి మామయ్యగారి సంచి పట్టుకుంది. దానికీ నాకొచ్చిన అనుమానమే వచ్చినట్టుంది. ఆయన వదల్లేదు, అది వదల్లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఊరంతా లేచి నిలబడి దండం పెట్టే మనిషి, నడిరోడ్డు మీద కోతితో గుంజులాడుతున్నారు. మావారు కర్ర కోసం పరిగెత్తారు. చివరికి మా అమ్మాయి ఒక అరటిపండు విసిరేస్తే కోతి సంచి వదిలింది. ఆ గుంజులాటలో సంచిలోంచి ఎర్రటి గుడ్డ అంచు బయటికి వచ్చింది. ఆయన గబగబా లోపలికి తోసేశారు. వెంట్రుకలు పట్టడానికి మేనమామ ఒళ్ళో పరిచే గుడ్డ అది. అన్నీ సిద్ధంగానే తెచ్చారన్నమాట.

కల్యాణకట్ట దగ్గరికి వెళ్ళేసరికి మా పెదనాన్న కొడుకు నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కాకు ఇంకా మడతలు కూడా పోలేదు. "బాగున్నావా చెల్లెమ్మా" అన్నాడు నేల చూపులు చూస్తూ. "నువ్వెందుకొచ్చావు?" అన్నాను. "ఊరికే, దర్శనానికి." ఊరికే దర్శనానికి వచ్చేవాడు మంగలి పక్కన నిలబడి కత్తెర పదును చూస్తాడా? పిల్లవాణ్ణి చంకకెత్తుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఎవరు అడిగినా ఇవ్వకూడదనుకున్నాను.

అప్పుడే నా ఫోను మోగింది. చూస్తే అన్నయ్య. పక్కకు వచ్చి ఎత్తాను.

"ఏమే, మీరంతా కలిసి నన్ను ఏం చేద్దామని?" అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. "ఎక్కడున్నావు అన్నయ్యా?"

"ఎక్కడుంటా, కొండ కింద పార్కింగులో ఉన్నా. రాత్రి పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. మీ మామ రమ్మన్నాడంట, పిల్లోడి ఎంటికలంట, అమ్మాయికి చెప్పొద్దన్నాడంట. నీకు చెప్పకుండా ఏందే ఈ పిలుపు? పది మందిలో నిలబెట్టి క్షమాపణ అడిగిద్దామనా? తెల్లారకముందే బయల్దేరా గానీ ఇక్కడికొచ్చాక కాలు ముందుకు పడటంలా."

ఏడాది తర్వాత అన్నయ్య గొంతు ఇంత దగ్గరగా విన్నది ఇప్పుడే. పండగలకు వదినతో మాట్లాడితే వెనక నుంచి వాడి దగ్గు మాత్రం వినపడేది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంటే మామయ్యగారు పిలిచారు. పిలిచి, వాడు రాకపోతే కూర్చోవడానికి ఇంకొకణ్ణి కూడా సిద్ధంగా పెట్టుకున్నారు. ప్రభకు రెండు జనరేటర్లు పెట్టే మనిషి కదా. కొత్త చొక్కాలో నిలబడ్డ మా పెదనాన్న కొడుకు రెండో జనరేటర్.

కానీ ఎందుకు పిలిచారు? నాకు ఎందుకు చెప్పొద్దన్నారు? మామయ్యగారి వైపు చూశాను. సంచి చంకలోనే ఉంది. మెట్ల వైపు చూస్తున్నారు, మళ్ళీ గడియారం చూస్తున్నారు. ఆ మొహంలో నాకేమీ దొరకలేదు. ప్రేమా కనపడలేదు, పగా కనపడలేదు. అన్నయ్య అన్నది నిజమే కావచ్చు. కొండ మీద, ఇంతమంది ముందు, కిందటేటి మాటకు కసి తీర్చుకోవాలని ఏడాదిగా కాచుక్కూర్చుని ఉండవచ్చు. అంత పట్టుదల ఉన్న మనిషే.

"చెప్పవే," అన్నాడు అన్నయ్య. "పైకి రమ్మంటావా, బండి తిప్పమంటావా? నువ్వేదంటే అది."

రమ్మంటే, పైకి వచ్చాక వాడికి అవమానం జరిగితే ఆ పాపం నాదే. వద్దంటే, నా కొడుకు పరాయి ఒళ్ళో కూర్చుంటాడు. ఎటు చూసినా పుట్టిల్లు నా చేతిలోంచి జారిపోయేలా ఉంది. చంకలో పిల్లవాడు నా మెడలో గొలుసు నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. నాకు ఏమీ తెలియదు. ఆ సంగతి అన్నయ్యకు చెప్పలేదు.

"రా అన్నయ్యా," అన్నాను. "ఏం గాదు. నేనున్నాగా."

అన్నయ్య చిన్నగా నవ్వాడు. "పాలప్యాకెట్‌ని కూడా నమ్మని దానివి. నువ్వే రమ్మన్నావంటే ఇంక నాకేం భయం. వస్తన్నా."

ఫోను పెట్టేశాను. వాడు నన్ను నమ్మి ఎక్కి వస్తున్నాడు. నేను నమ్మింది ఏమిటని నన్నెవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.

అన్నయ్య వచ్చేసరికి చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. చేతిలో బట్టల కవరు. మేనమామ పెట్టే కొత్త బట్టలు, ముందే కొనిపెట్టుకున్నట్టున్నాడు. మామయ్యగారికి కొంచెం దూరంలో ఆగాడు. ఇద్దరూ ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు. చుట్టూ గుండ్లు గీయించుకునేవాళ్ళ గోల.

"ఆలస్యమయింది. కూర్చో" అన్నారు మామయ్యగారు.

అంతే. క్షమాపణ ఊసు లేదు. అన్నయ్య నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు మామయ్యగారు సంచిలో చెయ్యి పెట్టి ఎర్రటి గుడ్డ తీసి, దులిపి, వంగి తనే అన్నయ్య ఒళ్ళో పరిచారు. పసుపు అంచు. ఒక మూల గట్టిగా ఎండిపోయిన బురద మరక. అన్నయ్య కంటే ముందు నేనే గుర్తుపట్టాను. కిందటేడు కాలవ మలుపులో ఒరిగిన ప్రభకు చుట్టిన గుడ్డ అది. ఉతకను కూడా ఉతకలేదు.

ఇదీ అనుమానించాల్సిన సంగతి, ఇదొక్కటే నాకు తట్టలేదు. నువ్వు నవ్విన గుడ్డనే నీ ఒళ్ళో వేసుకుని కూర్చో అనడం కాకపోతే ఇదేమిటి? అన్నయ్య ఇప్పుడు లేచిపోతాడు, ఆ గుడ్డ దులిపి అవతల పారేసి పోతాడు అనుకున్నాను. వాడు ఆ బురద మరక మీద బొటనవేలు పెట్టి రాశాడు. చాలాసేపు రాశాడు.

"ఏడాది దాచారా మామయ్యా?" అన్నాడు.

"దాచా. పోయినేడు ఇది కొండెక్కలా. ఇప్పుడెక్కింది" అన్నారు ఆయన. తర్వాత ఎటో చూస్తూ, "ఈ ఏడు ప్రభ నిటారుగా పోయింది. చూట్టానికి నువ్వు రాలా" అన్నారు.

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అలిగిన చిన్నపిల్లల గొంతది. ఈ ఏడు ప్రభ కొండకు చేరాక కూడా ఆయన ఇంటికి వచ్చి ముభావంగా మంచమెక్కారని అత్తయ్య చెప్పింది. అలసట అనుకున్నామందరం. ఊరు ఊరంతా చూసినా, నవ్వినవాడు చూడలేదన్నదే ఆయన బాధ.

అన్నయ్య తల దించుకుని గుడ్డను రెండు మోకాళ్ళ మీదికీ సర్దుకున్నాడు. "పిల్లోణ్ణి ఇవ్వవే" అన్నాడు. నేను ఇచ్చాను. ఏడాదిగా చూడని మనిషి కావడంతో పిల్లవాడు కొండ అదిరేలా ఏడ్చాడు. అన్నయ్య జేబులోంచి బండి తాళాలు తీసి వాడి చేతిలో పెట్టాడు. ఏడుపు ఆగింది. తాళాలు నోట్లోకి పోయాయి. మామయ్యగారు మనవడి తల కదలకుండా రెండు అరచేతుల్లో పట్టుకుంటే, అన్నయ్య మూడు కత్తెరలు వేశాడు. నేను రబ్బరు బ్యాండ్లు పెట్టి పెట్టి పెంచిన పిలకలు ఆ బురద గుడ్డ మీద పడ్డాయి. తర్వాత మంగలి పని మొదలుపెట్టాడు. "ఇంక నేను పోవచ్చా?" అని మా పెదనాన్న కొడుకు అడిగాడు. "ఉండు, దర్శనం చేసుకునే పోదువుగాని" అన్నాను. అప్పటికి వాడి మీద కోపం పోయింది.

వెంట్రుకలు దేవుడికి అప్పగించాక మామయ్యగారు గుడ్డ దులిపి, నాలుగు మడతలు పెట్టి, అన్నయ్య చేతికిచ్చారు. "నీ దగ్గరుంచు. వచ్చే శివరాత్రికి ప్రభకు కట్టాల. ఉతికి తీసకరా."

ఉతికి తీసుకురమ్మనడం క్షమించడమా, శిక్ష వెయ్యడమా? నాకు ఇప్పటికీ తెలియదు. మావారిని అడిగితే "నువ్వు ప్రతిదీ పాలప్యాకెట్ తిప్పి చూసినట్టు చూడబాకు" అంటారు. సంగతి తెలిసీ నా దగ్గర ఎందుకు దాచారంటే, "నీకు చెబితే నీ అనుమానాలన్నీ మీ అన్నకు ఎక్కించి రాకుండా చేస్తావని నాన్న భయపడ్డాడు" అన్నారు. అంటే ఆయనకూ నా మీద అనుమానమే. ఆ లెక్కన ఆ రోజు కొండ మీద ఎవరినీ అనుమానించనిది నా కొడుకొక్కడే. కాకి వాలుతుందేమోనని మా అమ్మాయి దర్శనం క్యూలో కూడా ఆకాశం వైపే చూస్తూ నిలబడింది.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య బండి మీద ముందు వెళ్ళిపోయాడు. మా కారు రెంటచింతల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇంకా ఎండాకాలం రాలేదని రెంటచింతల ఎండకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆకుపచ్చ గేటు కనపడింది. మావారు వేగం తగ్గించి ఓరగా తండ్రి వైపు చూశారు. మామయ్యగారు అద్దం ఎత్తలేదు. ఆపమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. మావారు ఇండికేటర్ వేశారు. అది టిక్కు టిక్కుమంటుంటే ఆయన చెయ్యి అద్దం మీదికి పోతుందేమోనని చూశాను. కారు గేటు ముందు ఆగింది.

గడప దాటి వచ్చి ఆయన వసారాలో కుర్చీలో కూర్చున్నారు. ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకున్నారు. వదిన స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నేను పిల్లవాడి చెప్పులు విప్పుతున్నట్టు నటిస్తూ చూస్తున్నాను. తలుపు దగ్గర అన్నయ్య కూడా చూడనట్టు చూస్తున్నాడు. మామయ్యగారు గ్లాసు అందుకున్నారు, ఎత్తి గటగటా తాగేశారు. నేను వెంటనే సంబరపడలేదు. ఆ ఎండలో పగవాడి ఇంట్లోనైనా తాగుతారు, అది లెక్కలోకి రాదు.

ఆయన మూతి తుడుచుకుని, గ్లాసు వదిన వైపు చాచారు. "అమ్మాయ్, కుండలో నీళ్ళా ఇవి? చానా చల్లగున్నాయి. ఇంకో గ్లాసు తీసకరా. అట్టనే అన్నాలు కూడా పెట్టెయ్, పిల్లోళ్ళు ఆకలిమీదున్నారు."

వదిన గ్లాసు పట్టుకుని లోపలికి పరిగెత్తింది. అన్నయ్య గోడ వైపు తిరిగి చొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను పెరట్లోకి పోయి కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. కడుక్కునే కొద్దీ కళ్ళు తడుస్తూనే ఉన్నాయి. వెనకే వచ్చిన మా అమ్మాయి "ఏందమ్మా, ఏడుస్తున్నావా?" అంది.

"లేదమ్మా, కళ్ళంలో మిరప ఘాటు" అన్నాను.

అది గోడ మీదుగా తొంగి చూసింది. మా అన్నయ్య వాళ్ళ మిరపకాయలు అప్పటికే టిక్కీ బస్తాల్లో తొక్కించి కోల్డు స్టోరేజీకి పంపేశారు. కళ్ళం ఖాళీగా ఉంది. అది మళ్ళీ నా మొహం వైపు చూసింది, ఒక్క మాట కూడా నమ్మలేదు.